చాచా బొటనవేలు

పోయిన మంగళవారం ఇంటర్ ఫస్టియర్ క్లాసులో ఒక అమ్మాయి లేచి, ఆర్సెనల్ అంటే ఏమిటి సార్ అని అడిగింది. పాఠంలో ఉంది ఆ మాట. ఆయుధాగారం అని చెప్పాను. రాసుకుంది. పక్కన కూర్చున్న పిల్ల అది చూసి తనూ రాసుకుంది. నేను తరువాతి పేరాలోకి పోవాలి, పోలేకపోయాను. పుస్తకం బల్ల మీద పెట్టి, మంచినీళ్ల వంకతో వరండాలోకి వచ్చి నిలబడ్డాను. ఇన్నేళ్లుగా ఇంగ్లీషు చెప్పుకొని బతుకుతున్నవాడికి ఒక్క మాట దగ్గర ఆగిపోవడం ఏమిటని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ మాట నాది కాదు, చాచాది. ఆయన పోయి రెండేళ్లయింది. మట్టి ఇవ్వడానికి నేను పోలేదు. ఆ రోజు జనగామలోనే ఉన్నాను, కాలేజీకి సెలవు కూడా. అయినా పోలేదు.

ఆయన పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. ఆయన విషయంలో నేను ఒకసారి రాసింది చాలు.

స్టేషన్ రోడ్డులో రేకుల కింద ఒక కొలిమి, ఇనుము పెట్టి కొట్టే ఒక దాగలి, తొక్కితే తిరిగే ఒక సానరాయి. అదీ ఆయన దుకాణం. కొడవళ్లు, గొడ్డళ్లు, కత్తిపీటలు చేసేవాడు, మొండిబారినవాటికి పదును పెట్టేవాడు. బక్కమనిషి. గడ్డం కొసలు కొలిమి సెగకు ఎప్పుడూ కమిలిపోయి ఉండేవి. కుడిచేతి బొటనవేలు మాత్రం వేరే ఎవరిదో తెచ్చి అతికించినట్టు ఉండేది, లావుగా, నల్లగా, మెత్తగా. రోజూ దుకాణం కట్టేసే ముందు దానికి కొబ్బరినూనె రాసేవాడు. ఎదురుగా ఛాయ్ బండి ఆయన, వేలును పెండ్లిచూపులకు పంపిస్తున్నవా చాచా అని ఎగతాళి చేసేవాడు. మీకు భూములకు పట్టాలున్నయి, నాకు గిది ఉన్నది అని వేలు చూపించేవాడు చాచా.

ఆ మాట ఉత్తది కాదు. నేను మొదటిసారి మా ఇంటి కత్తిపీట పట్టుకొని పోయినప్పుడు దాని అంచు మీద ఆ వేలు పెట్టి ఇట్లా ఒకసారి, అట్లా ఒకసారి రాసి, మీ ఇంట్ల కోసేటామెకు మోకాళ్లు వంగయి, దీన్ని బల్ల మీద పెట్టుకొని కోస్తది, ఔనా అన్నాడు. మా అమ్మకు మోకాళ్లు వంగక అప్పటికి నాలుగేళ్లు. నేను నోరు తెరిచాను. నోరు మూసుకునే లోపల, దీన్ని ఇంగ్లీషులో ఏమంటారు సార్ అని ఇంకో దెబ్బ వేశాడు. అప్పుడు నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్‌ని. అంటే పాఠం చెప్పినన్నాళ్లు లెక్చరర్‌ని, ఎండాకాలం సెలవుల్లో ఎవరినీ కాను. ఎంత వెతుక్కున్నా కత్తిపీటకు ఇంగ్లీషు మాట దొరకలేదు. ఇంగ్లీషోళ్లు కూరగాయలు కోసుకోలేదా సార్ అన్నాడు ఎంతో మర్యాదగా. ఆ రోజు నుంచి నేను ఆయన దుకాణానికి అంటుకుపోయాను.

ఆయనకు మాటల పిచ్చి. ఉర్దూ మీడియంలో ఏడో తరగతి దాకా చదివాడు. ఒక బరువైన నోటుబుక్కు ఉండేది. అందులో కుడి నుంచి ఎడమకు ఉర్దూ అక్షరాల్లో పనిముట్ల పేర్లు రాసుకునేవాడు. ఇంట్లో మాట్లాడే దక్కనీ మాట ఒక వరుస, తెలుగు మాట ఒక వరుస, తండాలో లంబాడీ ఆడవాళ్లు చెప్పిన మాట ఇంకో వరుస. ఇంగ్లీషు వరుస ఖాళీగా ఉండేది, నేను వచ్చేదాకా.

ఏడాదికి రెండుసార్లు, నాట్లకు ముందు, కోతలకు ముందు, మోపెడ్ మీద సామాను కట్టుకొని తిరుగుడుకు పోయేవాడు. ముందు లింగాల ఘనపూర్ అంగడి, తర్వాత నెల్లికుదురు పక్క తండాలు, ఆఖరుకు భూపాలపల్లి దిక్కు టేకుమట్ల దాకా. పోయిన చోటల్లా ఇంటింటి నుంచీ కొడవళ్లు తెచ్చి ఒక్క కుప్పగా పోస్తారు. అన్నిటికీ పదును పెట్టి, కక్కు కొట్టి, అంటే అంచుకు సన్నని పళ్లు కోసి, ఏ ఇంటి కొడవలి ఆ ఇంటికి తిరిగి ఇవ్వాలి. ఎవరి చేతికి అలవాటైనది వాళ్లకే రావాలి, లేకపోతే కోతలో చెయ్యి తెగుతుంది. తను చేసిన ప్రతి కొడవలికీ పిడి దగ్గర మూడు చుక్కలు కొట్టేవాడు. ఆ చుక్కలు చేసింది తనేనని చెప్పడానికే. ఏ ఇంటిదో తెలియడానికి ఆయనకు గుర్తు అక్కర్లేదు. అంచు ఎక్కడ అరిగిందో వేలితో రాసి చూస్తే చాలు, పట్టినవాళ్ల ఒడుపు తెలిసిపోయేది.

ఘనపూర్ అంగట్లో ఇదొక ఆట. తువ్వాలతో ఆయన కళ్లకు గంతలు కట్టి, కుప్పలోంచి ఏదో ఒక కొడవలి చేతికిచ్చేవాళ్లు. వేలు ఒకసారి పోయి వచ్చేది. ఊరు, వాడ, ఇల్లు చెప్పేవాడు. ఒకామెకు ఈ ఏడు పురుడు వచ్చిందని, కొడవలి వేరే చేతిలో అరిగిందని కూడా చెప్పాడు. నేను చూస్తుండగా ఒక్కసారి తప్పలేదు. తువ్వాల విప్పాక ముఖంలో ఒక చిన్న నవ్వు ఉండేది, బడిలో మొదటి మార్కు వచ్చిన పిల్లవాడి నవ్వు.

ఆయన తన పనిలో దేనికైనా గర్వపడ్డాడంటే నెల్లికుదురు పక్క తండాలో కమ్లీకి చేసిన కొడవలికి. కమ్లీది ఎడమచేతి వాటం. అందరి కొడవళ్లూ కుడిచేతికి చేసినవే కదా, పెళ్లయి వచ్చిన ఏడే ఆమె మణికట్టు రెండుసార్లు తెగింది. చాచా కూర్చొని అంచు రెండో వైపుకు సాగదీసి, కక్కు తిప్పి కొట్టి, ఎడమచేతికి ఒక కొడవలి చేశాడు. అది పట్టుకొని మొదటి మెద, అంటే గుప్పెడు వరి, కోసి ఆమె గట్టిగా నవ్విందట. ఆ నవ్వు సంగతి నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. నేను తిరిగిన ఊర్లల్ల ఎడమచేతి కొడవలి అదొక్కటే సార్ అనేవాడు.

ఇక ఆ మాట సంగతి. రాష్ట్రం కోసం సమ్మెలు నడుస్తున్న రోజులు. కాలేజీకి తాళం. పొద్దున దీక్షా శిబిరంలో కూర్చోవడం, మధ్యాహ్నం చాచా దుకాణంలో కూర్చోవడం, అదే నా ఉద్యోగం. ఎవరో గొడ్డలి చుట్టుకొచ్చిన ఇంగ్లీషు పేపర్లో పెద్ద అక్షరాల్లో ఆర్సెనల్ అని ఉంది. ఏమిటని అడిగాడు. ఆయుధాలు పెట్టే ఇల్లు అన్నాను. ఎక్కడి మాట అన్నాడు. ఈ ప్రశ్న నుంచి ఆయన దగ్గర తప్పించుకోలేం. మర్నాడు వాచ్‌మన్‌ను బతిమాలి లైబ్రరీ తెరిపించి పెద్ద నిఘంటువు దుమ్ము దులిపాను. ఇంగ్లీషుకు ఇటలీ నుంచి వచ్చింది, ఇటలీకి అరబ్బీ నుంచి. అరబ్బీ మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకొచ్చి కూడబలుక్కుంటూ చదివాను. దార్ అస్ సినాఅ.

చాచా పట్టకారు కింద పెట్టాడు. ఇంకోసారి చదవమన్నాడు. చదివాను.

"దార్ అంటె ఇల్లు. సనఅత్ అంటె చేతిపని. గిది పనిచేసే ఇల్లు సార్. గిది మా ఇంటి మాట."

మిగతాది చెప్పాను. వెనిస్ అని సముద్రపు ఒడ్డు పట్నం ఒకటి ఉంది, అక్కడ ఓడలు చేసే చోటును ముందు ఆ పేరుతో పిలిచారు. చేసిన ఓడలకు తుపాకులు, ఫిరంగులు కావాలని అవి కూడా అక్కడే పెట్టారు. ఇంగ్లీషువాళ్ల దగ్గరికి వచ్చి కొన్నాళ్లయ్యాక ఓడలు పోయాయి, ఆయుధాలు మిగిలాయి. ఇప్పుడు ఆ మాటకు ఆయుధాల కొట్టు అనే అర్థం.

చాచా కొలిమిలో నిప్పు ఎగదోశాడు. "అండ్లకెల్లి పని ఎప్పుడు పోయింది సార్?" అని అడిగాడు. నిఘంటువులో అది రాయలేదు అన్నాను. లేచి సుద్దముక్క తీసుకొని దుకాణం తలుపు లోపలివైపు ఆ పేరు పెద్దగా ఉర్దూ అక్షరాల్లో రాసుకున్నాడు. వారం రోజులు వచ్చినవాళ్లందరికీ చదివి చెప్పాడు. ఛాయ్ బండి ఆయన, దుకాణం పేరు మార్చినవా, దావత్ ఎప్పుడని అడిగాడు.

ఆ నెలలోనే ర్యాలీలో పట్టుకొని నడవడానికి పది తల్వార్లు చేసిపెట్టమని కొందరు పోరగాళ్లు వచ్చారు. వాటితోటి వరి కోస్తరా, వంకాయ కోస్తరా అని అడిగాడు చాచా. ఊరంతా కొట్లాడుతుంటే నీకు పట్టదా అని వాళ్లు గరమయ్యారు. బంద్ పిలిచిన ప్రతి రోజూ కొలిమి ఆర్పి శిబిరంలో నా పక్కన కూర్చున్న మనిషిని పట్టుకొని ఆ మాట అన్నందుకు నాకు ఒళ్లు మండింది. ఆయనకు మండలేదు. తలుపు మీది అక్షరాలు చూపించి, తెలంగాణ కావాలన్నగని తల్వార్ కావాలన్లే బిడ్డా, గిది పనిచేసే ఇల్లు అని పంపించేశాడు.

కోతలప్పుడు నెల్లికుదురు రోడ్డు మీద రాస్తారోకో జరిగింది. తండా ఆడవాళ్లు పొలంలోంచి నేరుగా వచ్చి రోడ్డు మీద కూర్చున్నారు. కోత కోసేవాళ్ల కొడవలి నడుముకే ఉంటుంది, ఇంటికి పోయి పెట్టి వచ్చేంత తీరిక ఎవరికి ఉంది? లాఠీలు లేచాయి, తోపులాట అయింది, ఒక కానిస్టేబుల్ చెయ్యి బాగా తెగింది. ఎవరు కోశారో, కావాలని కోశారో, మీద పడితే తెగిందో చూసినవాళ్లు లేరు. జనం చెదిరిపోయాక రోడ్డు మీద ఒక కొడవలి మిగిలింది. పిడి దగ్గర మూడు చుక్కలు. ఆ చుక్కలు జనగామ చాచావని ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. మూడో రోజు ఆయన కోసం జీపు వచ్చింది.

పోలీసు కాగితం ఏ భాషలో ఉంటదో ఏమో, మీరు జర తోడు రాండ్రి సార్ అన్నాడు. వెళ్లాను. ఎందుకు దాచాలి, జీపులో ముందు సీట్లో కూర్చోబెడితే నాకు కొంచెం గొప్పగానే అనిపించింది.

నెల్లికుదురు ఎస్సై మర్యాదస్తుడు. కుర్చీలు వేయించాడు, ఛాయ్ తెప్పించాడు. పేపర్లో చుట్టిన కొడవలి బల్ల మీద పెట్టారు. బురద అట్లాగే ఎండిపోయి ఉంది. చాచా ముందు చేసిన పని ఏమిటంటే కానిస్టేబుల్‌ను కోప్పడటం. తడి తుడవకుండా పేపర్ల చుడితే తుప్పు పట్టదా, గింత తెలివి లేదా అన్నాడు. గుడ్డ అడిగి తీసుకొని శుభ్రంగా తుడిచాడు. ఇది నువ్వు చేసిందేనా అంటే నేనే చేసిన అన్నాడు. ఎవరికి చేశావో చెప్పగలవా అని ఎస్సై అడిగాడు. చాచా ఏదో అనబోతున్నాడు. ఏమనబోయాడో నాకు ఇప్పటికీ తెలియదు. నా నోరు ఊరుకుంటే కదా.

"కండ్లు మూసుకొని చెప్తడు సార్. లింగాల ఘనపూర్ అంగట్ల ఎవలనన్న అడుగుండ్రి," అన్నాను.

పక్క గదిలో ఉన్న పోలీసులు కూడా చూడటానికి వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఒకాయన తన రుమాలు తీసి ఇచ్చాడు. చాచా నా వైపు ఒకసారి చూశాడు, ఆ చిన్న నవ్వు వచ్చింది. రుమాలు అక్కర్లేదని కళ్లు మూసుకున్నాడు. వేలు పోయి వచ్చింది.

"నెల్లికుదురు పక్క తండా. కుంట దిక్కు మూడో ఇల్లు. బిక్యా ఇంటిది. ఎడమ..."

అక్కడ ఆగిపోయాడు. కళ్లు తెరిచాడు. చుట్టూ ఉన్న ముఖాలు చూశాడు. అది అంగడి కాదు.

ఎడమ ఏమిటని అడిగాడు ఎస్సై. బాటకు ఎడమ దిక్కు ఇల్లు అన్నాడు చాచా. ఇనుము విషయంలో ఆయన ఆడిన మొదటి అబద్ధం అదేనని ఆ గదిలో తెలిసింది నాకొక్కడికే. ఆ కొడవలి బిక్యా భార్య కమ్లీదని నాకూ అప్పుడే అర్థమైంది. కాగితం, కలం నా ముందు పెట్టి, మీరు లెక్చరర్ కదా, చేతిరాత బాగుంటుంది, ఇతను చెప్పింది మీరే రాయండి, సాక్షిగా సంతకం పెట్టండి అన్నారు. రాశాను. మంచి తెలుగులో, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. మారణాయుధాన్ని స్పర్శ ద్వారా గుర్తించి అని రాశాను. ఆ వాక్యం కుదిరినందుకు లోపల సంతోషపడ్డాను కూడా. చాచా కింద ఉర్దూలో సంతకం చేశాడు, పక్కన నేను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అడిగాడు, కొడవలి అనే రాసిన్రు కద సార్ అని. ఆయుధం అని రాసిన చాచా, అట్లనే రాయాలె అన్నాను. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

పొద్దుగూకక ముందే బిక్యాను పట్టుకుపోయారు. అతను ఆ రోజు రోడ్డు దగ్గరికే పోలేదు, పొలంలో మోపులు కడుతున్నాడు. రోడ్డు మీద కూర్చున్నది కమ్లీ. ఆమెకు పాలు తాగే పిల్ల ఉంది. అందుకని కొడవలి నాదే, పోయింది నేనే అని బిక్యా చెప్పాడు. చాచాకు నిజం చెప్పే దారి కూడా లేకుండా పోయింది. ఇది ఎడమచేతి కొడవలి, బిక్యాది కుడిచెయ్యి అంటే చాలు, అతను బయటికి వస్తాడు. ఆ మర్నాడు ఆమె లోపలికి పోతుంది.

నెల తిరగకముందే కమ్లీ పిల్లను చంకన వేసుకొని రైలు మీద దుకాణానికి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. తిడుతుందని, దుమ్మెత్తి పోస్తుందని అనుకున్నాను. తిట్టలేదు. కోత సగంలో ఆగింది, ఇంకో కొడవలి కావాలంది. చాచా తలెత్తకుండా ఇనుము కాల్చాడు. ఆమె చూస్తూ కూర్చొని, కోపం ఏమీ లేని గొంతుతో అడిగింది.

"నువ్వు అబద్దం ఆడితివా చాచా? ఆడలే. మరి నిన్ను ఏమని తిట్టాలె?"

సుత్తి ఆగలేదు. రెండో ఎడమచేతి కొడవలి ఆ మధ్యాహ్నమే చేసి ఇచ్చాడు. దానికి చుక్కలు కొట్టలేదు.

ఆ తర్వాతి తిరుగుడులో ఘనపూర్ అంగట్లో ఎప్పటిలాగే తువ్వాల కట్టారు. చాచా తప్పు చెప్పాడు. జనం నవ్వి ఇంకోటి ఇచ్చారు. అదీ తప్పే. పాపం ముసలోడయిండు అన్నారు. నేనూ అట్లాగే అనుకున్నాను. నెల్లికుదురులో ఒక ఇంటి కొడవళ్లు ఇంకో ఇంటికి పోయి పెద్ద గొడవైంది. టేకుమట్లలో ఒకామె చెయ్యి తెగి, నువ్వు మల్ల మా ఊరికి రాకు చాచా అని ముఖం మీదే చెప్పింది. రెండు మూడేళ్లలో తిరుగుడు ఆగిపోయింది. దుకాణం ముందు కత్తిపీటలు తప్ప ఏమీ కనిపించేవి కావు. వేలికి నూనె రాయడం కూడా మానేశాడు. ఇనుముతో పెట్టుకున్న మనిషి వేలు ఇంత తొందరగా మొద్దుబారుతుందా అని నాకు జాలేసేది.

ఒక మధ్యాహ్నం ఎండకు రోడ్డు మీద ఎవరూ లేరు. నేను వెనక సందులోంచి వెళ్లాను. ఆయన నన్ను చూడలేదు. ముందు ఒక గోనె సంచి, అందులో మూడిళ్ల కొడవళ్లు కలగలిసి ఉన్నాయి. ఒక్కొక్కటి తీస్తున్నాడు, వేలు పెడుతున్నాడు, పక్కన పెడుతున్నాడు. ఒక్క క్షణం తడబాటు లేదు. మూడు కుప్పలు అయ్యాయి. చివరిదాన్ని పెట్టాక ఆ పాత నవ్వు వచ్చింది. అప్పుడు తలెత్తితే నేను. రెండు చేతులతో మూడు కుప్పలనూ కలిపేశాడు.

చూసిన్రా సార్ అన్నాడు. చూడలేదు చాచా అన్నాను. కూర్చోమన్నాడు. అప్పుడు చెప్పాడు. ఎప్పుడో ఒకరోజు కేసు కోర్టుకు వస్తుంది. ఈ వేలు చెప్పిందే బిక్యా మీద సాక్ష్యం. ఈ వేలు దేనికీ పనికిరాదని మూడు ఊర్ల జనం చెప్పాలి. అందుకే అంగట్లో నవ్వులపాలైంది, అందుకే ఆ టేకుమట్ల ఆమె చెయ్యి తెగిందని చెప్పి ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూడటం అదొక్కసారే. కన్నీళ్లు తుడుచుకొని అసలు సంగతి అడిగాడు.

"నా వేలు నేను పోగొట్టుకున్న. కాగితం మీద మీ సంతకం ఉన్నది. మీరేమంటరు సార్?"

చూద్దాం చాచా అన్నాను.

రాష్ట్రం వచ్చింది. జనగామ చౌరస్తాలో రంగులు చల్లుకున్నాం, నేను కూడా ఎగిరాను. ఉద్యమం కేసులు ఎత్తేస్తారన్నారు. చాలావాటికి తెరపడింది కూడా. పోలీసు రక్తం కారిన కేసు అని బిక్యాది మాత్రం మిగిలిపోయింది. మహబూబాబాద్‌ను మేం మానుకోట అంటాం, అక్కడి కోర్టులో విచారణకు వచ్చింది. సరిగ్గా అప్పుడే మా కాంట్రాక్టు వాళ్లను పర్మినెంట్ చేస్తారని ఫైలు కదిలింది. నన్ను ఎవరూ బెదిరించలేదు. ఈ మాట ఒట్టేసి చెబుతున్నాను, ఎందుకంటే బెదిరించి ఉంటే నాకు చెప్పుకోవడానికి ఏదైనా ఉండేది. మా ప్రిన్సిపాల్ ఛాయ్ తాగుతూ, పోలీస్ వెరిఫికేషన్ ఉంటది, కోర్టు విషయాల్లో జర పైలం అన్నాడు. అంతే.

కోర్టులో చాచాకు కొడవలి ఇచ్చారు. వేలు పెట్టాడు. ఆ వేలు ఎంత మెల్లగా పోయిందో చూశాను. పేరు మరిచిపోయిన బిడ్డ తల నిమిరినట్టు పోయింది. ఇది నేను చేసింది కాదు అన్నాడు. మరి చుక్కలు? ఎవడన్నా కొట్టుకోవచ్చు అన్నాడు. గిది చేతకానోని పని సార్, అంచు తిరగబడ్డది, నా పని గిట్ల ఉండదు అన్నాడు. ఎడమచేతి కోసం తిప్పి కొట్టిన అంచు అది, ఆయన బతుకులో చేసిన అన్నిటికంటే మంచి కొడవలి. బిక్యా తరఫు వకీలు ఘనపూర్ నుంచి ఒక దుకాణదారును పిలిపించాడు. ఈ ముసలాయనకు మూడేళ్ల నుంచి తన చెప్పులు కూడా గుర్తుపట్టడం రాదు అని ఆయన చెబితే కోర్టులో నవ్వారు. చాచా తల వంచుకొని ఆ నవ్వంతా తీసుకున్నాడు. వకీలు ముఖం వెలిగింది. బెయిలు మీద వచ్చి బోనులో నిలబడ్డ బిక్యా మొదటిసారి ఊపిరి గట్టిగా వదిలాడు.

తర్వాత నన్ను పిలిచారు.

కాగితం చూపించారు. చేతిరాత మీదేనా? ఔను. సంతకం? నాదే. ఇందులో ఉన్నది ఈ సాక్షి మీ ముందు తన నోటితో చెప్పాడా? చాచా బెంచీ చివర కూర్చొని ఉన్నాడు. బొటనవేలు పిడికిట్లో దాచుకున్నాడు. నా వైపు చూడలేదు, నా కాళ్లవైపు చూస్తున్నాడు. గుర్తులేదు అంటే చాలు. బాగా వినబడలేదు అన్నా చాలు. పోలీసులు చెప్పమన్నట్టు రాశాను అంటే ఇంకా చాలు. ఆ మూడు మాటలూ వారం నుంచి ఇంట్లో అద్దం ముందు అనుకొని వచ్చినవాడినే.

చెప్పాడు అన్నాను.

బిక్యాకు శిక్ష పడింది. పై కోర్టుకు పోయే శక్తి వాళ్లకు లేదు. అతను బయటికి వచ్చేసరికి కౌలు పొలం వేరేవాళ్లది అయింది. ముగ్గురూ హైదరాబాద్ అవతల ఎక్కడో కట్టుడు పనికి పోయారని విన్నాను. అక్కడ కొడవలితో పనిలేదు. తీర్పు రోజు కమ్లీ కోర్టు మెట్ల మీద నా పక్కనుంచే పోయింది, ముఖం తిప్పుకోలేదు, చూడనూ లేదు. నేను పర్మినెంట్ అయ్యాను. మా అమ్మ వీధిలో పేడాలు పంచింది.

కొన్నాళ్లకు కత్తిపీట మొండిబారిందని అమ్మ పోరు పెట్టింది. ఇంకో చోటికి తీసుకుపోవచ్చు. ఎందుకో కాళ్లు అటే పోయాయి. చాచా ఒక్కడే ఉన్నాడు. తలుపు మీద సుద్ద అక్షరాలు సగం చెరిగిపోయాయి, మళ్లీ దిద్దలేదు. రాండ్రి సార్ అన్నాడు, స్టూలు దులిపి వేశాడు. ఎప్పటిలాగే సానరాయి తొక్కాడు, నిప్పురవ్వలు లేచాయి, పదును పెట్టాడు. పెట్టాక అలవాటుగా వేలు అంచు మీదికి పోయింది. పోయి, ఆగి, వెనక్కి వచ్చింది. ఆయన తిడితే బాగుండును, కొలిమి గరిట తీసి విసిరితే బాగుండును అనుకున్నాను. ఏదో ఒకటి మాట్లాడాలని, మా అమ్మ కత్తిపీట చాచా, మోకాళ్లు వంగవని నువ్వే చెప్పినవు, గుర్తుపట్టలేదా అన్నాను.

చాచా దాన్ని గుడ్డతో తుడిచి నా చేతికి ఇచ్చాడు.

"గిది ఎవలదో నాకు ఎర్క లేదు సార్. రాసుకుంటె రాసుకోండ్రి."